పాత ఇంటి అడ్రసు

రాత్రి పదకొండు కావస్తోంది. మర్నాడు ఇడ్లీలకని మినప్పప్పు నానబోస్తున్నాను. మా అమ్మాయి ల్యాప్‌టాప్ రెండు చేతులమీదా పళ్లెంలా పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

‘‘అమ్మా, నా ప్రోగ్రాంకి దయ్యం పట్టింది’’ అంది.

ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. తెల్లారితే ల్యాబ్. సీ ప్లస్ ప్లస్‌లో చిన్న ప్రోగ్రాం రాయమన్నారట. క్లాసులో పిల్లల పేర్లూ మార్కులూ ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవాలి, టాపర్ ఎవరో చెప్పాలి. ముగ్గుర్ని చేర్చి, వాళ్లలో టాపర్ ఎవరో గుర్తుపెట్టుకుంది. నాలుగో పేరు చేర్చింది. టాపర్ పేరు సరిగ్గానే వచ్చింది. ఐదో పేరు చేర్చగానే టాపర్ స్థానంలో ఏవో పిచ్చి అక్షరాలు.

‘‘నలుగురిదాకా బాగానే ఉంది. ఐదోవాడు రాగానే ఏం పోయేకాలం వచ్చింది దీనికి?’’

‘‘టాపర్ని ఎలా గుర్తుపెట్టుకున్నావ్?’’ అనడిగాను.

‘‘పాయింటర్‌తో. మెమరీలో ఆ రికార్డు ఎక్కడుందో ఆ అడ్రసు దాచుకున్నా.’’

పాతికేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదాన్ని. నాకు జబ్బు తెలిసిపోయింది. ‘‘ఇల్లు మారిపోయారే. నువ్వింకా పాత ఇంటికే ఉత్తరం వేస్తున్నావు’’ అన్నాను నవ్వుతూ. ఆ మాట అన్నాక నవ్వు ఆగిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను.

భోజనాల బల్ల దగ్గర మా అమ్మ వత్తులు చేసుకుంటోంది. డెబ్బై రెండేళ్లు. నాన్న పోయాక హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటోంది. ‘‘ఎవరే ఇల్లు మారింది?’’ అంది తలెత్తి.

ఇక అక్కడే కూర్చుని ఇద్దరికీ కలిపి చెప్పాల్సి వచ్చింది. అమ్మకి కంప్యూటర్ తెలీదు. కానీ ఇళ్లు మారడం మాత్రం ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

* * *

కంప్యూటర్ మెమరీ అంటే వరసగా నంబర్లు వేసిన గదులున్న పొడవాటి వీధి అనుకోండి. ఎర్రే అంటే ఆ వీధిలో పక్కపక్కనే ఉన్న కొన్ని గదులు అద్దెకు తీసుకోవడం. పక్కపక్కనే ఎందుకుండాలంటే, వెతుక్కునే పని లేకుండా లెక్క కట్టి నేరుగా వెళ్లిపోవచ్చు కనుక. ఒక్కో అంకెకి నాలుగు గదులు పడతాయనుకుందాం. మొదటిది 1000 నంబరు దగ్గర మొదలైతే పదోది 1036 దగ్గరుంటుంది. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు, అంతే. పదోదైనా పదివేలోదైనా ఒక గుణకారం, ఒక కూడిక.

ఇబ్బందల్లా ఒక్కటే. మామూలు ఎర్రేలో ఎన్ని కావాలో ముందే చెప్పాలి. పెళ్లికి ఎంతమంది వస్తారో ముందే చెప్పగలమా? అందుకే సైజు పెరిగే ఎర్రేలు వచ్చాయి. సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్, జావాలో ఎర్రేలిస్ట్, పైథాన్‌లో లిస్ట్ అంటారు. పేర్లు వేరైనా వీటి సంసారం ఒకటే. ప్రతిదీ మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటుంది. మనం ఎక్కడున్నాం, ఎంతమందిమి ఉన్నాం, ఈ ఇంట్లో మొత్తం ఎంతమంది పడతారు.

‘‘పట్టినంతమందీ నిండిపోయాక ఇంకొకరు వస్తే?’’ అంది అమ్మ.

‘‘మనం సత్యనారాయణపురంలో ఏం చేశాం?’’ అన్నాను.

అమ్మ నవ్వింది.

అమ్మా నాన్నా కాపురం పెట్టింది విజయవాడ సత్యనారాయణపురంలో. ఒక గది, ఒక వంటిల్లు. నాన్నకి వన్‌టౌన్‌లో బట్టల కొట్లో గుమాస్తా ఉద్యోగం. నేను పుట్టాను, సరిపోయింది. తమ్ముడు పుట్టాడు, సర్దుకున్నాం. తాతయ్య పోయి నాన్నమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఇక చాల్లేదు. పక్క పోర్షను కలుపుకుందామంటే అందులో రైల్వే గార్డు గారి కుటుంబం ఉంది. వాళ్లని లేవమనలేం కదా. మొత్తం సామాను బండికెత్తించి ఇంకో వీధిలో కాస్త పెద్ద పోర్షనుకి మారాం.

వెక్టర్ చేసేదీ అదే. నిండిపోయిన చోట పక్కనున్న మెమరీ ఎవరిదో అయ్యుండొచ్చు. అందుకని అది వేరేచోట పెద్ద ఖాళీ స్థలం అడుగుతుంది. పాతవాటినన్నిటినీ వరస తప్పకుండా అక్కడికి చేరుస్తుంది. కొత్తదాన్ని చేర్చుకుంటుంది. పాత స్థలం తాళాలు ఓనరుకి అప్పజెప్పేస్తుంది. సీ భాషలో రియలాక్ అని ఒకటుంది. పక్క పోర్షను ఖాళీగా ఉంటే ఒక్కోసారి అది కదలకుండా దాన్నే కలిపేసుకుంటుంది. అంత అదృష్టం ఎప్పుడూ ఉండదు.

‘‘అందరూ కదలడమెందుకు? వచ్చిన ఒక్కళ్లకీ పక్క వీధిలో గది తీసుకుంటే పోలా?’’ అంది అమ్మ.

మా అమ్మాయి గబుక్కున అమ్మమ్మ వైపు చూసింది. ‘‘అమ్మమ్మా, అది లింక్డ్ లిస్ట్!’’

నిజమే, అలాంటి ఏర్పాటు కూడా ఉంది. ఎవరికి ఎక్కడ గది దొరికితే అక్కడుంటారు, ప్రతివాళ్లూ తమ తర్వాతివాళ్ల అడ్రసు దగ్గర పెట్టుకుంటారు. ఇల్లు మారే బాధ లేదు. కానీ నూరోవాళ్లు కావాలంటే తొంభై తొమ్మిది తలుపులు తట్టుకుంటూ పోవాలి. లెక్క కట్టి నేరుగా వెళ్లే సుఖం పోతుంది.

* * *

‘‘సరే, మారేటప్పుడు ఎంత పెద్ద ఇల్లు చూసుకోవాలి?’’ అనడిగాను మా అమ్మాయిని.

పుస్తకంలో చదివింది కాబట్టి ‘‘రెట్టింపు’’ అంది. ఎందుకో తెలీదు.

మా నాన్నకీ తెలీదు. అద్దె పెరుగుతుందని ప్రతిసారీ అప్పటికి సరిపోయేంత ఇల్లే చూసేవాడు. ఏడాది తిరక్కుండా బాబాయి కాలేజీ చదువుకని వచ్చాడు. మళ్లీ మారాం. రుబ్బురోలు ఎత్తడానికి ఇద్దరు మనుషులు, ట్రంకు పెట్టెలు, మంచాలు, కుండీలో తులసి. కొత్తింట్లో పాలు పొంగించడం, నెల్లాళ్లపాటు చెంచా ఎక్కడుందో తెలియకపోవడం. ‘‘ఒరే, మారేదేదో ఒక్కసారి కాస్త పెద్దదానికి మారి చావండ్రా. నా నడుం పోతోంది’’ అని నాన్నమ్మ అరిచేది.

నాన్నమ్మ మాటలో ఎంత లెక్కుందో నాకు ఉద్యోగంలో చేరాకగానీ తెలీలేదు. వెయ్యి పేర్లు చేర్చాలనుకుందాం. ఒక్కరు వచ్చినప్పుడల్లా ఒక్కరికే చోటు పెంచుకుంటూ మారితే, పాతవాళ్లని మోసే మోతలు మొత్తం 4,99,500. పోనీ పదేసి మందికి చొప్పున పెంచుకుంటూ పోతే 49,500. ఒకటితో మొదలుపెట్టి మారిన ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పోతే? 1,023. కాగితం మీద వేసి చూపిస్తే మా అమ్మాయి నమ్మలేక తనూ వేసుకుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది... 512 దాకా కూడితే అంతే వచ్చింది. అదే లక్ష పేర్లయితే మొదటి పద్ధతిలో దాదాపు 500 కోట్ల మోతలు. రెట్టింపు పద్ధతిలో 1,31,071.

అంటే మారిన రోజున ఒళ్లు హూనమవుతుంది, నిజమే. కానీ ఇల్లు పెద్దదయ్యేకొద్దీ మళ్లీ మారే రోజు అంతకంత దూరం జరుగుతుంది. ఆ ఒక్కరోజు శ్రమని హాయిగా ఉన్న రోజులన్నిటికీ పంచితే తలకి రెండు మోతలు కూడా పడవు. ఇలా పంచి చూసే లెక్కని ఇంగ్లీషులో అమోర్టైజ్డ్ అంటారు. ఇంటి అప్పుని వాయిదాలుగా కట్టడానికి వాడే మాటే ఇది. రాబర్ట్ టార్జాన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1985లో ఈ పద్ధతిని ఒక వ్యాసంలో విడమరచి రాశాడు. ఆ సంవత్సరం నాకింకో కారణానికి గుర్తు.

రెట్టింపుకీ ఒక ఖరీదుంది. ఖాళీ గదులకి అద్దె కట్టాలి. రెట్టింపు చేసిన మరుక్షణం దాదాపు సగం ఇల్లు ఖాళీ. అందుకే అందరూ ఒక్కలా పెంచరు. మా అమ్మాయి వాడే జీసీసీ కంపైలర్లో వెక్టర్ రెట్టింపు అవుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లది ఒకటిన్నర రెట్లు. జావా ఎర్రేలిస్ట్ కూడా అంతే, పది నుంచి పదిహేను, ఆపైన ఇరవై రెండు, ముప్పై మూడు. పైథాన్ ఇంకా పొదుపరి, పెద్ద లిస్టులకి ఎనిమిదో వంతు మాత్రమే అదనంగా తీసుకుంటుంది. ఎవరి ఇంటి బడ్జెట్ వాళ్లది.

‘‘మనుషులు తగ్గితే మళ్లీ చిన్నింటికి మారుతుందా?’’ అంది అమ్మ.

మారదు. వెక్టర్లోంచి అందర్నీ తీసేసినా తీసుకున్న స్థలం అలాగే అట్టిపెట్టుకుని కూర్చుంటుంది, రేపు మళ్లీ వస్తారేమోనని. తగ్గించుకోమని మనమే అడగాలి. 2011లో వచ్చిన సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో అందుకోసం ష్రింక్ టు ఫిట్ అని ఒకటి పెట్టారు. అదీ ఆజ్ఞ కాదు, విన్నపమే.

అమ్మ వత్తి నలుపుతూ ‘‘నేనూ అంతేగా’’ అంది. నేనూ తమ్ముడూ వెళ్లిపోయాక, నాన్న పోయేదాకా పటమటలో మూడు గదుల ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఖాళీ చేయమని మేమెంత చెప్పినా వినలేదు.

* * *

‘‘ఇంతకీ నా దయ్యం సంగతేంటి?’’ అంది మా అమ్మాయి.

వెక్టర్ ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని పెరుగుతోంది. ముగ్గురున్నప్పుడు నలుగురికి చోటుంది. నాలుగోవాడు ఆ ఖాళీలో చేరాడు, ఎవరూ కదల్లేదు, నువ్వు దాచుకున్న అడ్రసు పనికొచ్చింది. ఐదోవాడు వచ్చేసరికి చోటు లేదు. అందరూ ఇల్లు మారారు. టాపర్ కూడా మారాడు. నీ దగ్గరున్నది పాత అడ్రసు. అక్కడిప్పుడు ఎవరుంటారో ఎవరికి తెలుసు? ఒక్కోసారి ఆ గది ఇంకా అలాగే ఉండి పాత పేరే కనబడుతుంది, అంతా బాగుందనుకుంటాం. ఒక్కోసారి కొత్తవాళ్లు దిగుంటారు, నువ్వు చదివేది వాళ్ల సామాను. ఒక్కోసారి ప్రోగ్రామే కుప్పకూలిపోతుంది.

‘‘మరి మారినట్టు నాకు చెప్పాలిగా!’’

‘‘చెప్పదు. నీ దగ్గర పాత అడ్రసుందని దానికి తెలీదు. దాని దృష్టిలో అది చేసిన పనిలో తప్పేం లేదు.’’

అమ్మ చేతులు ఆగాయి.

అమ్మ ఏం తలుచుకుంటోందో నాకు తెలుసు. నేను తలుచుకుంటున్నది మాత్రం అమ్మకి తెలీదు. నలభై ఏళ్లుగా తెలీదు.

1985లో మేం పటమట మారాం. బాబాయి వచ్చాక నాన్న ఎట్టకేలకు నాన్నమ్మ మాట విని పెద్ద ఇల్లు చూశాడు. మారిన రెండోరోజు అమ్మ సామాన్ల మధ్య కూర్చుని నాలుగు కార్డులు రాసింది. ఉభయకుశలోపరి, మేము ఇల్లు మారాము, ఈ దిగువ అడ్రసుకు ఉత్తరాలు రాయవలెను. స్కూలుకి వెళ్తూ డబ్బాలో వేయమని నాకిచ్చింది. నాకప్పుడు పదేళ్లు. మూడు వేశాను. నాలుగోది సోషల్ పుస్తకంలో ఉండిపోయింది. అది అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మమ్మకి రాసింది. వారం తర్వాత పుస్తకం తెరిస్తే కనబడింది. తిడుతుందని భయమేసి, చింపి కాలవలో పడేశాను.

నెల తిరక్కుండా అమ్మమ్మకి జబ్బు చేసింది. అమ్మాయిని చూడాలంటోంది, వెంటనే బయల్దేరి రమ్మని మావయ్య పాత అడ్రసుకి ఉత్తరం రాశాడు. ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు ఎవరిదో అనుకుని కిటికీలో పెట్టారు. తర్వాత టెలిగ్రాం కూడా అక్కడికే వచ్చింది. టెలిగ్రాం అనేసరికి ఆ ఇంటాయన హడలిపోయి, మా నాన్న వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పనిచేస్తాడని ఇంటి ఓనరు దగ్గర తెలుసుకుని, సైకిలేసుకుని కొట్టు కొట్టుకీ తిరిగి నాన్నని పట్టుకున్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి. అమ్మ ఇప్పటికీ ఆయన్ని తలుచుకుని దణ్ణం పెట్టుకుంటుంది. కానీ మేం అవనిగడ్డ బస్సు దిగి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ‘‘ఆఖరి రెండు రోజులూ గుమ్మంవైపే చూసిందే’’ అంది పెద్దత్తయ్య. అమ్మ ఏడవలేదు. మావయ్యని ఒకే ఒక్కమాట అడిగింది. ‘‘నా కార్డు అందలేదా అన్నయ్యా?’’

పోస్టు వాళ్లు పారేసుంటారని అందరూ అనుకున్నారు. ఆ తిట్లన్నీ నేను పక్కనే నిలబడి విన్నాను.

ఆ రాత్రి మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు, వత్తుల పళ్లెం పక్కన ఆ సంగతి చెప్పేశాను. ఇన్నేళ్లూ చెప్పనిది అప్పుడెందుకు చెప్పానో నాకే తెలీదు. ‘దాని తప్పేం లేదు’ అని నా నోటితో నేనే అన్నాక ఇక ఆగలేకపోయానేమో.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మాయి కూడా బిగుసుకుపోయింది. ఫ్రిజ్ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

చివరికి అమ్మ అంది. ‘‘పోస్టాయన్ని ఎన్ని తిట్లు తిట్టానో పాపం.’’

కాసేపాగి, ‘‘వారం తర్వాత కనబడినప్పుడైనా నాకివ్వాల్సిందే. అప్పటికింకా మించిపోలేదు’’ అంది. ఆ మాటలో కోపం లేదు. లేకపోవడమే నాకు కష్టంగా అనిపించింది. తర్వాత నా తలమీద చెయ్యి వేసి, ‘‘పదేళ్ల పిల్లకి ఇచ్చి పంపి, వేశావా అని కూడా అడక్కపోవడం నా తప్పు. మారింది నేను. చెప్పుకోవాల్సింది నేనే’’ అంది.

* * *

ప్రోగ్రాం బాగుచేయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. దీనికి మందులు రెండున్నాయి. ఎంతమంది వస్తారో ముందే తెలిస్తే, రిజర్వ్ అని చెప్పి అంత చోటూ మొదట్లోనే తీసుకోవచ్చు. ఆ సంఖ్య దాటనంతవరకూ ఎవరూ కదలరు, దాచుకున్న అడ్రసులన్నీ చెల్లుతాయి. అది తెలియనప్పుడు అడ్రసు దాచుకోకూడదు, వరస నంబరు దాచుకోవాలి. ‘‘రెండోవాడు’’ అని గుర్తుపెట్టుకుంటే ఎక్కడికి మారినా వాడు రెండోవాడే. అవసరమైనప్పుడల్లా ‘‘మీరిప్పుడు ఎక్కడున్నారు?’’ అని వెక్టర్ని అడిగి, అక్కణ్నుంచి లెక్క కట్టుకుని వెళ్లాలి. మధ్యలో ఎవర్నైనా తీసేస్తే ఆ నంబరూ మారుతుందనుకోండి, ఆ జాగ్రత్త వేరు. జావా, పైథాన్‌లలో అయితే అడ్రసులు మన చేతికి ఇవ్వనే ఇవ్వరు, ఎప్పుడూ లిస్టునే అడగాలి. అందుకే ఈ రకం తంటా అక్కడ కనబడదు.

మా అమ్మాయి పాయింటర్ తీసేసి నంబరు పెట్టింది. ఐదు పేర్లు చేర్చింది, తొమ్మిది చేర్చింది, పదిహేడు చేర్చింది. టాపర్ పేరు చక్కగా వచ్చింది.

‘‘ప్రతిసారీ అడగాలన్నమాట’’ అంది.

అప్పుడు నాకు అమ్మ అలవాటొకటి గుర్తొచ్చింది. ఎవరింటికి వెళ్లాలన్నా, ఎన్నేళ్లుగా తెలిసిన ఇల్లయినా, ముందు ఫోన్ చేసి ‘‘అక్కడే ఉంటున్నారుగా?’’ అని అడుగుతుంది. మేమంతా ఆవిణ్ని ఏడిపించేవాళ్లం. ఎప్పటినుంచి అలా అడుగుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తుంటే అమ్మ తన పాత ఫోన్ నంబర్ల డైరీ నా ముందు పెట్టింది. కొట్టివేతలతో, పక్కన రాతలతో నిండిపోయింది.

‘‘మావయ్య మనవడు ఫ్లాట్ మారాడట. కొత్త అడ్రసు కనుక్కుని ఇందులో రాయి. మన అడ్రసు కూడా వాడికి పంపించు’’ అంది.

స్టవ్ కట్టేసి, కాఫీ కూడా తాగకుండా, అక్కడే నిలబడి పంపించాను. పంపించాక ఆ ఫోన్ అమ్మకి చూపించాను.